సున్నం గీత ఊడ్చినదాన్ని నేనే

ముందే చెప్తా ఉండా. నవ్వేవాళ్ళు రాట్నం పక్కన పెట్టి నవ్వండి. నూలు తెగినాక "రంగక్క కత వింటా ఉంటే తెగింది" అని నా మీద పెట్టొద్దు. ఇప్పటికే ఊళ్ళో నా మీద పడిన మాటలు చాలు. అందులో సగం నిజం కూడా, అదే నా తలరాత!

మొన్న పాతరల దిన్నె మీద ఏం జరిగిందో మీకు తలా ఒక తీరుగా తెలుసు. ఒకామె నేను గొట్టంలో ఇరుక్కున్నానని చెప్పిందంట. ఏమ్మే, నేను గొట్టంలో పట్టే మనిషినా? ఇంకొకామె దొర గుర్రం దిగి నాకు దండం పెట్టినాడని చెప్పిందంట. దొరా లేడు, గుర్రమూ లేదు. ఆడ ఉండింది నేను, ఈ నాచమ్మ, ఊరి నీళ్ళు పంచే నీరుగంటి మారప్ప, ఒక బంట్రోతు. అంతే. ఇదో, నాచి ఈడనే కూచోనుండాది. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు బిడ్డలు, ఏడాది తిండికంతా ఉండేది ఒక్క పాతర సోళం, ఆ జొన్నలే. ఆ పాతరను నేను నీళ్ళలో ముంచబోయినా. నాచీ, నేను తప్పు చెప్తే ఆపు. నవ్వేదానికి కాదు, ఆపేదానికి.

మా ఇంటాయన మిరపకాయల బండి కట్టుకొని మేట్టుపాళయం పోయినాడు కదా. రెండు రోజుల్లో వస్తానన్న మనిషి, దారిలో ఎద్దు కాలు బెణికి ఆడనే నిలిచిపోయినాడు. కబురు మాత్రం పంపినాడు. నేను గాదె మూత తీసి చూస్తే అడుగున రెండు ముంతల సోళం! మర్నాడు పత్తి చేనికి కలుపు తియ్యను పన్నెండు మంది వస్తుండారు. వాళ్ళకు కూలి సోళమే కొలిచి పొయ్యాల. ఆ కలుపా, నడుం ఎత్తు లేచి ఉండాది. ఇంకొక వారం ఆగితే అది కలుపు చేను, పత్తే అందులో కలుపు! సరే, పాతర తియ్యాల్సిందే అనుకున్నా.

మా మరిది వాకిట్లో కూచొని వక్క నములుతా ఉన్నాడు. "అన్న రానీ వదినా, పాతర తవ్వేది ఆడవాళ్ళ పని కాదు" అన్నాడు. అయిపోయింది! ఆ మాట అనకుండా ఉంటే నేను ఎవరింట్లోనన్నా నాలుగు తట్టలు బదులు తెచ్చుకొని ఉందును. ఆ మాట విన్నాక బదులు తెచ్చుకునేది ఎట్ల? "పొద్దు నడినెత్తికి వచ్చేలోపల పాతర నోరు తెరవకపోతే నా పేరు రంగమ్మ కాదు" అని గడపార భుజాన వేసుకున్నా. ఇప్పుడు నా పేరు ఏందో మీరే చెప్పండి.

మన పాతరల సంగతి మీకు కొత్త కాదు. కానీ ఈ ఇంటికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల నోరు తెరుచుకొని చూస్తా ఉండాది, దానికోసం చెప్తా. పిల్లా, విను. దండులు తిరిగిన కాలంలో మన తాతలు సోళం ఇంట్లో పెట్టుకుంటే ఒక్క గింజ మిగిలేది కాదు. అందుకని దిన్నె మీద గట్టి గరపనేల చూసి నిలువెత్తు గుంత తవ్వేవాళ్ళు. లోపల గడ్డి పరిచి, సోళం నింపి, పైన మళ్ళీ గడ్డి, మన్ను కప్పి, దాని మీద నాగలి తోలేవాళ్ళు. యాడుందో ఇంటి పెద్దకే తెలుసు. ఇప్పుడు దండులు పోయినాయి, కుంఫిణీ వచ్చింది, అయినా మన అలవాటు పోలేదు. "మీ పాతర యాడ?" అని ఒకరినొకరు అడిగేది లేదు. అడిగితే మంచిమనిషి కాదని అర్థం.

మా పాతర గురుతు నాకు యాడ తెలుసంటావా? ఒకసారి మా ఆయనకు విషజ్వరం వచ్చింది. ఇంక పోతాననుకొని నా చెవిలో చెప్పినాడు. "గట్టురాయి నుంచి పొద్దుపొడుపు దిక్కుకు పదకొండు అడుగులు." అంతే. తర్వాత జ్వరం తగ్గిపోయింది. "అయ్యో, అనవసరంగా చెప్పితినే!" అని ఒక నెల మొగం ముడుచుకొని తిరిగినాడు. నేనేమన్నా దొంగనా?

దిన్నె అడుగున పాతరలే కాదు పిల్లా, ఇంకొకటి కూడా ఉండాది. మట్టి గొట్టం. పైన ఊటబావి ఉంది చూడు, ఆడ నుంచి కింద తోపులో ఉండే తొట్టికి నీళ్ళు పోయే గొట్టం. తాతల నాటిది. మూరెడు మూరెడు ముక్కలు, ఒకదాని నోట్లో ఇంకొకటి దూర్చి, సున్నంతో అతికినారు. దొరలు నీలగిరి కొండకు పోయేటప్పుడు మన తోపులో డేరాలు వేస్తారని కుంఫిణీవాళ్ళు దాన్ని బాగుచేయించినారు. ఆ గొట్టం యాడ వంకర తిరుగుతుందో, యాడ లోతు, యాడ పైపైన, అంతా నీరుగంటి మారప్ప తలలోనే ఉండాది. అందుకే ఊరి పెద్దలు ఎప్పుడూ చెప్పేది ఒకటే. దిన్నె మీద గడపార వేసే ముందు మారప్పకు కబురు పెట్టు.

అందరూ పెడతారు. నేను పెట్టను. ఎందుకు పెట్టనో ఊరికంతా తెలుసు, కానీ సగమే తెలుసు. రెండేండ్ల కిందట నా మిరప మడికి నీళ్ళు పారుతా ఉంటే మారప్ప వచ్చి కాలవ మళ్ళించేసినాడు. "వంతు కొయ్య నీడ గీత దాటింది అమ్మణ్ణీ, మీ వంతు అయిపోయింది" అన్నాడు. "దాటలేదు" అన్నా నేను. "దాటింది" అన్నాడు. నలుగురిలో నా మాట తప్పు చేసినాడు కదా! "ఇంక నీ మొగం చూడను, నీ పేరు పలకను" అని ఒట్టు పెట్టుకున్నా. ఆ పొద్దు నుంచి ఏదన్నా చెప్పాలంటే మా దూడకు చెప్తా. "దూడా దూడా, కాలవ గట్టు తెగిందని ఎవరన్నా చూసుకుంటే బాగుండు" అంటా. ఆయన పక్కనే నిలబడి వినుకొని పోయి చూసుకుంటాడు. దూడ మాత్రం పాపం పెరిగి ఆవైపోయింది, ఇంకా మా మధ్య రాయబారం నడుపుతానే ఉండాది.

సరే, దిన్నెకు పోయినా. ఆడ చూస్తే నాచి పాతర నోరు తెరిచి ఉండాది. ముందు రోజే తవ్వి పెట్టింది. పాతర తెరిచినాక ఒక పూట, ఒక రేయి అట్లనే విడిచిపెట్టాల పిల్లా, లోపల ఆవిరి పోవాల. దిగేముందు దీపం దించి చూడాల. దీపం ఆరిందంటే మనిషీ ఆరినట్టే. నాచి అంతా పద్ధతిగా చేస్తుంది. నోటి మీద ఒక చాప కప్పి, చుట్టూ ముండ్లకంప వేసి, పక్కన కూచొని గడ్డి తాడు పేనుతా ఉండాది.

ఆ పక్కనే నేల మీద ఒక గీత! తెల్లగా సున్నం గీత! ఊటబావి దిక్కు నుంచి తోపు దిక్కుకు పోతా ఉండాది. అడుగడుక్కి ఒక వేపరెమ్మ గుచ్చి ఉండాది.

"ఏందే నాచీ ఇది?"

"మారప్ప వేసి పోయినాడు రంగక్కా. నేను తవ్వేముందు పిలిచినా కదా."

"నీ పాతర ఆడుంటే గీత ఈడెందుకు?"

"గొట్టం ఈడ పోతుందంట అక్కా."

ఆమె చెప్పింది. స్పష్టంగా చెప్పింది. నేను వినలేదని కాదు, విన్నా. నమ్మలేదు! ఎందుకంటే గట్టురాయి నుంచి నేను పదకొండు అడుగులు వేసినా. మడమ, వేలు, మడమ, వేలు, పెట్టి పెట్టి వేసినా. పదకొండో అడుగు సరిగ్గా యాడ పడిందో తెలుసా? ఆ సున్నం గీత మీద!

నా ఒళ్ళు మండిపోయింది. ఓహో, ఇదా సంగతి! గొట్టం గిట్టం ఏమీ లేదు, వీడు నా పాతర యాడుందో పసిగట్టి ఊరికంతా చూపించేదానికి గీత గీసినాడు అనుకున్నా. రెండేండ్ల పగ ఇట్ల తీర్చుకుంటుండాడు! నా మొగుడు చావబోతా చెప్పిన రహస్యాన్ని వీడు సున్నం పోసి రాసినాడు! ఇంటికి పోయి చీపురు తెచ్చినా. వేపరెమ్మలు ఒక్కొక్కటే పీకి పారేసినా. గీతను ఈ చివర నుంచి ఆ చివరకు నున్నగా ఊడ్చేసినా. మీ వాకిలి కూడా ఎవరూ అంత శుభ్రంగా ఊడ్చి ఉండరు.

నాచి లేచి నిలబడింది. "అక్కా, వద్దక్కా, ఒక్క మాట మారప్పను అడగండక్కా."

"ఎవర్ని? నా పాతర సంగతి నేను పోయి ఊరోళ్ళను అడగాల్నా?"

"అక్కా, కింద గొట్టం ఉంటే?"

"కింద నా సోళం ఉండాది!"

నేను గడపార ఎత్తితే ఎవరి మాటా వినను. చీర గోచీ బిగించి తవ్వడం మొదలుపెట్టినా. నేల గట్టి. అయినా నేను నాయుళ్ళింటి ఆడబిడ్డను, ఊరికే విడుస్తానా? ఒక మూర లోతు పోయేసరికి ఇసుక వచ్చింది. మెత్తటి ఏటి ఇసుక. గరపనేలలో ఏటి ఇసుక ఎట్ల వచ్చింది? బుద్ధి ఉన్నవాళ్ళు ఆడ ఆగాల. మనుషులు తెచ్చి పోస్తేనే కదా ఆడ ఇసుక ఉండేది! నేను ఆగినా కూడా. ఆగి ఏమనుకున్నానంటే, "చూడు, మా ఆయన ఎంత తెలివైనోడు, తేమ తగలకుండా ఇసుక పోసినాడు" అని మురిసిపోయినా.

ఇంకొక జానెడు పోయేసరికి ఇటుకలు! వరసగా పరిచి ఉండాయి. "అమ్మ మగడా! ఇటుకలు కూడానా!" అని ఇంకా మురిసిపోయినా. ముప్పై ఏండ్ల కాపురంలో ఆ మనిషిని నేను అంతగా ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఆ పొద్దు ఆయన ఎదురుగా ఉంటే కాళ్ళకు మొక్కి ఉందును. రెండు ఇటుకలు తీసేసి, చేత్తో తట్టి చూసినా. లోపల బోలుగా ఉండాది. పాతర మూత దొరికింది!

"నాచీ, తట్ట తేవే, మా సోళం వచ్చింది!" అన్నా. గడపార రెండు చేతులా ఎత్తి ఒక్క పోటు పొడిచినా.

సోళం రాలేదు.

నీళ్ళు! మొగం మీద, నోట్లో, ముక్కులో, అంతా నీళ్ళు! నేను వెనక్కి పడినా. ఊటబావి ఎత్తు మీద ఉండాది కదా, ఆ నీళ్ళకు ఎంత బలం ఉంటుందో ఆ పొద్దే తెలిసింది. టెంకాయంత బొక్క నుంచి జవ్వుమని లేచి, నేను తవ్విన గుంత నిండి, గుంత అంచు దాటి, పల్లం వెతుక్కొని పోతా ఉండాది. పల్లం ఏ దిక్కున ఉందో చెప్పాల్నా? పది అడుగుల దూరంలో, నోరు తెరుచుకొని ఉన్న నాచి పాతర!

నాచి అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉండాది. "అక్కా! నా బిడ్డల తిండి అక్కా!" ఆమె పాతర ముందర మోకాళ్ళ మీద పడి చేతుల్తో మన్ను తోసి కట్ట కడుతా ఉండాది. నీళ్ళు ఆ కట్టను నాకి నాకి కరిగిస్తా ఉండాయి. సోళం ఒక్కసారి తడిస్తే పాతర మొత్తం పుల్లగబ్బు పట్టిపోతుంది. ఇంక మనుషులు తినలేరు, గొడ్లు కూడా మూతి తిప్పుకుంటాయి. చీపురు పట్టినప్పుడు ఉన్న రోషమంతా యాడ పోయిందో!

ముందు ఇటుక అడ్డం పెట్టినా. నీళ్ళు తోసేసినాయి. తట్ట బోర్లించినా. ఆ తట్ట తేలుకుంటా పోయింది. మన్ను వేసినా, కొట్టుకుపోయింది. నా పైటకొంగు ముద్ద చేసి కుక్కినా, అది గొట్టంలోకి పోతా నన్ను కూడా లాగింది. ఇంక ఏం చేసేది? దేవుడు నాకు ఇచ్చిన బరువు ఒకటి ఉండాది కదా. ఎన్ని పండగల్లో ఎంతమంది దాన్ని చూసి ఎగతాళి చేసినారో! గుంతలో దిగి, ఆ బొక్క మీద కూచున్నా.

ఆగింది!

నవ్వండి, నవ్వండి. ఆ పొద్దు నేను మాత్రం నవ్వలేదు. ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉండాయో ఊటబావిలో చెయ్యి పెట్టి చూడండి. కొంచెం ఇటు జరిగితే అటు నుంచి చిమ్ముతుంది, అటు జరిగితే ఇటు నుంచి. కదలకుండా, ఊపిరి కూడా మెల్లగా పీల్చుకుంటా కూచున్నా. "నాచీ, నేను లేవను. నా ప్రాణం పోయినా లేవను. నీ సోళం ఒక్క గింజ తడవదు. నువ్వు పోయి పిలుచుకొని రా" అన్నా.

"ఎవర్ని అక్కా? మీ మరిదినా?"

"ఆయన వచ్చి ఏం చేస్తాడు, వక్క నములుతాడా? వాణ్ణి పిలువు!"

"ఎవర్ని?"

రెండేండ్ల ఒట్టు అడ్డం వచ్చింది. నాచి కళ్ళల్లో నీళ్ళు కారుతా ఉండాయి, చేతులు మోచేతుల దాకా బురద. ఆ మొగం చూసినాక ఒట్టు ఏంది, గట్టు ఏంది! "మారప్పను! మారప్పను పిలువు! ఊటబావి తూము మూయమని చెప్పు!" అని అరిచినా. నాచి కొంగు బిగించి పరుగెత్తింది.

నేనొక్కదాన్నే ఉండా. కింద నుంచి నీళ్ళు, పైన ఎండ. అప్పుడు తోపు దిక్కు నుంచి ఒకడు వస్తుండాడు. నెత్తిన తలపాగా, నడుముకు బెల్టు, దాని మీద ఇత్తడి బిళ్ళ. దొర వస్తాడని ముందే వచ్చి తొట్టి చూసే బంట్రోతు. తొట్టిలో ధార సన్నబడిందని గొట్టం దారి పట్టుకొని పైకి వచ్చినాడు. గుంతలో నన్ను చూసి కళ్ళు తేలేసినాడు.

"ఎన్నమ్మా ఇదు?" అన్నాడు. ఏందమ్మా ఇది అని.

"కనబడలేదా? కూచోనుండా."

"సర్కారు నీళ్ళను ఆపింది ఎవరు?"

"నేను ఆపలేదు సామీ, పగలగొట్టినా. ఇప్పుడు ఆపుతుండా."

వాడు గుంత అంచుకు వచ్చి వంగినాడు. "మీరు లేవండి, నేను చూడాల" అన్నాడు.

"నేను లేస్తే ఆ పాతరామె ఇద్దరు బిడ్డలు ఏడాది పస్తు పండుకుంటారు. లేవను. నువ్వు చూసేది ఏం లేదు. అదో, నాచి మన్ను తీసిన ఆ మమ్మటి పార పట్టుకో. ఆ పాతర చుట్టూ కట్ట వెయ్యి."

"నేను సర్కారు మనిషిని!"

"ఇవి సర్కారు నీళ్ళే కదా! నీ నీళ్ళు పోయి ఊరోళ్ళ తిండి ముంచుతా ఉంటే నువ్వు బిళ్ళ తుడుచుకుంటా నిలబడతావా? పట్టు మమ్మటి! తలపాగా తియ్యి, బురద అవుతుంది!"

నాకు అంత గొంతు ఉందని నాకే తెలియదు. వాడు తలపాగా తీసి గట్టురాయి మీద పెట్టి, మమ్మటి పట్టుకున్నాడు. పాపం, మంచి పనివాడే. "అటు వెయ్యి, ఇటు వెయ్యి, ఆ మూల తొక్కు" అని నేను గుంతలో నుంచి చెప్తా ఉంటే, వాడు తొక్కుతా ఉండాడు. దొర దగ్గర కూడా వాడు అంత పని చేసి ఉండడు.

అంతలో నాచి వచ్చింది, వెనకాల మారప్ప. ఆ మనిషికి తొందర అనేది పుట్టుకతోనే లేదు కదా. మెల్లగా నడిచి వచ్చి, నేను ఊడ్చిన నేల చూసినాడు. పీకిన వేపరెమ్మలు చూసినాడు. చీపురు చూసినాడు. గుంత అంచున గొంతుక్కూచొని, సంచిలో నుంచి ఆకు తీసి సున్నం పూసుకుంటుండాడు.

మొగం చూడనని ఒట్టు కదా, నేను అటు తిరిగి కూచున్నా. అంటే తల మాత్రమే తిప్పినా, మిగతాది కదిలించే వీలు లేదు. "మారప్పా" అన్నా. పలకలేదు. "మారప్పా, నువ్వు గీసింది గొట్టం గీతే. నేను పాతర గీత అనుకున్నా. తప్పు నాదే." ఆకు నములుతుండాడు. నాకు ఏడుపు వచ్చింది. చలికి వచ్చిందో, సిగ్గుకు వచ్చిందో. "ఇంకొకటి కూడా చెప్తా విను. ఆ పొద్దు మిరప మడి దగ్గర నీడ గీత దాటింది. నేను చూసినా. మడి ఎండిపోతా ఉండాది, అందుకని దాటలేదని అబద్ధం ఆడినా. నలుగురిలో నిన్ను అబద్ధాలకోరును చేసినా. రెండేండ్లు మొగం తిప్పుకున్నా. నన్ను మన్నించు. ఇప్పుడు పోయి ఆ తూము మూసెయ్యి సామీ, నా నడుం కింద ఉందో లేదో తెలియడం లేదు!"

మారప్ప ఆకు ఒక దవడ నుంచి ఇంకొక దవడకు మార్చుకున్నాడు.

"అమ్మణ్ణీ, లేవచ్చు" అన్నాడు.

"తూము మూయకుండా ఎట్ల లేస్తా?"

"మూసే వచ్చినా కదా. నాచమ్మ చెప్పగానే ముందు అటే పోయినా."

"మరి... నువ్వు వచ్చి కూచున్నప్పుడే చెప్పొచ్చు కదా!"

"చెప్పేవాణ్ణే. మీరు ఏందో మాట్లాడుతుండారు. రెండేండ్ల తర్వాత మాట్లాడుతుండారు, మధ్యలో ఆపితే బాగుండదు అనుకున్నా."

బంట్రోతు మమ్మటి మీద వాలి నవ్వుతుండాడు! నాచి బురద చేతుల్తో నోరు మూసుకొనుండాది. నేను లేద్దామంటే కాళ్ళు రాలేదు. ముగ్గురూ కలిసి నన్ను పైకి లాగినారు. నా పైటకొంగు మాత్రం ఇంకా ఆ గొట్టంలోనే ఉండాది. దాని కోసం ఇంకా రెండు ఇటుకలు తియ్యాల్సి వచ్చింది.

ముందు నాచి పాతర చూసినాము. చాప అంచు తడిసి ఉండాది. మారప్ప దీపం వెలిగించి తాడుకు కట్టి లోపలికి దించినాడు. ఆరలేదు. నాచి దిగింది. నేను అంచున పండుకొని "ఏమే? ఏమే?" అంటుండా. చివరికి ఒక పిడికెడు సోళం పైకి చాచింది. పొడి! గలగలమనే పొడి సోళం! నేను దాన్ని చేతిలో వేసుకొని బోరున ఏడ్చేసినా. నాచి లోపల నవ్వుతుండాది, నేను పైన ఏడుస్తుండా. నా సొంత పాతర తీసినప్పుడు కూడా నాకు అంత సంతోషం లేదు.

నా పాతర అంటారా? మారప్ప గట్టురాయి దగ్గర నిలబడి నేను తవ్విన గుంతకు మూడు అడుగులు అవతల చూపించినాడు. "అదో, ఆడుంది అమ్మణ్ణీ. మీ నాయుడుగారి అడుగు పెద్దది, మీ అడుగు చిన్నది."

"నీకెట్ల తెలుసు?"

"గొట్టం కాపాడాలంటే ఎవరి పాతర యాడుందో తెలియకుండా ఎట్ల? ఈ దిన్నె మీద ఉండేవన్నీ తెలుసు. మా నాయన నాకు చెప్పినాడు. మేము ఇంకెవరికీ చెప్పము."

నేను ఎవరి నుంచి దాచాలని చీపురు పట్టినానో, ఆ మనిషే మా ఇంటి రహస్యాన్ని మాకంటే పదిలంగా దాచిపెట్టినాడు. ఆ పొద్దు నా పాతర తెరిస్తే ఆవిరి పోయేదానికి ఇంకొక దినం పట్టేది. కలుపుకు కూలి? నాచి తన పాతరలో నుంచి నాకు తట్టలు నింపి ఇచ్చింది. నేను ముంచబోయిన సోళమే నాకు ఇచ్చింది! వద్దంటే కసురుకుంది కూడా. "మీరు బొక్క మీద కూచొని దీన్ని కాపాడినారు కదక్కా" అనింది. అది మెచ్చుకోలా, ఎత్తిపొడుపా, ఇప్పటికీ నాకు తెలియదు. నాచీ, ఇప్పుడన్నా చెప్పు. చూడు, చెప్పదు!

గొట్టం మారప్ప బాగుచేసినాడు. కొత్త ముక్క దూర్చి, సున్నంలో నూనె కలిపి, పత్తి చుట్టి అతికినాడు. పత్తి మా ఇంటిదే, వడికేదానికి పెట్టుకున్న ఏకులు అన్నీ తెచ్చి ఇచ్చినా. సున్నం గీత కూడా మళ్ళీ వేసినాడు. ఈసారి నేనే సున్నం బుట్ట పట్టుకొని వెనకాల నడిచినా. వేపరెమ్మలు కూడా నేనే గుచ్చినా. అడుగు ఎడంలో ఒక్కొక్కటి, ఎవరి కంటికైనా కనబడేటట్టు.

మా ఆయన వచ్చినాడు. దారిలోనే సంగతి అంతా విన్నాడంట. నన్ను తిట్టలేదు. "ఇటుకలు చూసి నన్ను మెచ్చుకున్నావంట కదా, ఇప్పుడు ఇంకొకసారి మెచ్చుకో" అన్నాడు. నేను వినబడనట్టు లోపలికి పోయినా.

నిన్న ఊరి పెద్దింటోళ్ళు కొత్త పాతరకు గుంత తియ్యాలని మారప్పను దిన్నెకు పిలిచినారు. నేను చేనికి పోతా అటు తిరిగి చూసినా. గడపారలు పట్టుకొని నలుగురు మగవాళ్ళు సిద్ధంగా నిలబడి ఉండారు. మారప్ప సున్నం చేతిలో పట్టుకొని నేల మీద రెండడుగులు వేసి ఆగినాడు.

"గొట్టం యాడుందో నాకు తెలుసు, అది నేను చూసుకుంటా" అన్నాడు. "తవ్వేముందు మీరు ఒకటి చూసి రండి. రంగమ్మ అమ్మణ్ణి యాడుంది?"

నలుగురూ గడపారలు దించి నాలుగు దిక్కులా చూస్తుండారు. నాకు ఇంక వేరే దారి లేక చేతులు రెండూ పైకెత్తి గట్టు మీద నుంచి అరిచినా.

"ఈడుండానయ్యా, చాలా దూరంలో ఉండా! తవ్వుకోండి!"